మిర్గంలోపు మిద్దె

మే 20, 1981

ఈ ఎండాకాలం ఇంటి పని అయిపోవాలి. ఇక వాయిదా లేదు.

పొద్దున్నుంచి కూర్చొని ప్లాను గీశాను. ఇన్నేళ్లుగా బడిలో పిల్లల చేత కూజాలూ మామిడికాయలూ గీయిస్తున్న డ్రాయింగ్ మాస్టరుకు సొంత ఇంటిని గీసుకోవడం ఇంత సుఖంగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు. ఎండాకాలం పనులకు పసుపు, వానాకాలం పనులకు నీలం, చలికాలానికి ఆకుపచ్చ. పసుపులో మిద్దె మీది పాత మన్ను మొత్తం దించడం, పుచ్చిన చెక్కలు మార్చడం, కొత్త చౌడు మన్ను వేయడం. నీలంలో లోపలి గోడలు, తలుపులు. ఆకుపచ్చలో సున్నాలు, వాకిట్లో బండలు. ఏ కాలంలో ఏ పని చేయాలో తెలియకపోవడం వల్లనే నారాయణఖేడ్‌లో సగం ఇళ్లు ఇట్లా ఉన్నాయి.

నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"మస్తుగున్నది. పొయ్యి మీద మిద్దెకు బొక్క వడ్డది, సూసినవా? మిర్గం కార్తె రాకముందె రెండు గంపల మన్ను పోయించు. సాలు."

అతుకులు వేస్తే పని చెడిపోతుందని చెప్పాను. దించితే మొత్తం దించాలి.

"మొత్తం దించేదాక గాడ రెండు గంపలుంటె ఏమైతది?"

ఆమెకు ప్లాను చదవడం రాదు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, పిల్లలు లేరు, నేర్పడానికి తీరిక ఉంది. ఎప్పుడైనా నేర్పాలి.

మే 23

మేస్త్రి ఈరయ్య వచ్చాడు. మిద్దె ఎక్కి, కాలితో రెండుచోట్ల తన్ని చూసి దిగాడు. నేను ప్లాను పరిచి రంగులు వివరించాను. ప్రతిదానికీ "అవ్ సార్" అన్నాడు. ఇంత త్వరగా అర్థం చేసుకునే మనిషిని నేను బడిలో కూడా చూడలేదు.

"గింత ఎండల మన్ను మెత్తితె పగుల్తది సార్. జర సల్లవడనియ్యి. నాలుగు మబ్బులు రాంగనె మొదలువెడుదం" అన్నాడు.

నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను. చాయ్ తాగి పోయాడు.

"గాయిన చేస్తనన్నడా, చెయ్యనన్నడా?" అని నీలమ్మ అడిగింది.

కాలం చూసి చేద్దామన్నాడని చెప్పాను.

"ఏ కాలం?"

జూన్ 2

మబ్బు పట్టింది. ఈరయ్యకు కబురు పంపాలి. రేపు.

జూన్ 5

ఈరయ్య మేనకోడలి పెళ్లికి మనూరు పోయాడట. ఒకందుకు మంచిదే. వంటింటికి తూర్పున కిటికీ పెడితే బాగుంటుందని ఈరోజే తట్టింది. పని మొదలై ఉంటే ఈ కిటికీ వచ్చేదే కాదు.

జూన్ 9

నిన్న మిర్గం వచ్చింది. వాన కూడా దాంతోపాటే వచ్చింది. మనుషుల్లో లేని క్రమశిక్షణ ఆకాశానికి ఉంది.

సాయంత్రం వంటింటి మిద్దె నుంచి తడిసిన మన్ను పెళ్ల ఊడి ఉడుకుతున్న పప్పుకుండ మీద పడింది. కుండ తలకిందులైంది. నేను వెంటనే స్టూలెక్కి జానతో బొక్క కొలిచాను. అంచులు ఆరి రాలిపోతే అసలు కొలత మళ్లీ దొరకదు. జానెడున్నర. నీలమ్మ కాలి మీద కొంచెం పప్పు పడ్డట్టుంది. నీళ్లు పోసుకుంటూ కనిపించింది.

రొట్టె, పచ్చికారం తిన్నాం. ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా ఆ వానలో వినపడేది కాదు.

జూన్ 10

నీలమ్మ పొద్దుటి బస్సుకు నాగల్‌గిద్ద పోయింది, వాళ్ల అమ్మ దగ్గరికి. అత్తకు మోకాళ్ల నొప్పులు. నాలుగు రోజులుండి వస్తుంది. ట్రంకుపెట్టె తీసుకుపోయింది. నాలుగు రోజులకు ట్రంకుపెట్టె ఎందుకో అడగలేదు. బస్సు దాకా కుంటుతూ నడిచింది. పెట్టె బరువు కాబోలు.

జూన్ 11

వంట తేలికే.

జూన్ 12

తేలిక కాదు.

జూన్ 21

చర్చి నుంచి వస్తూ లాజరు ఆగాడు. మా బడిలో లెక్కల మాస్టరు. భార్య పంపిన కూరగిన్నె చేతిలో పెట్టి, ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. పొయ్యి వసారాలోకి మార్చాను. వంటింట్లో ఇప్పుడు బకెట్లు మాత్రమే ఉన్నాయి.

"అక్క ఇంక రాలేదా?"

"అత్తకు మోకాళ్ల నొప్పులు. లేవలేకపోతున్నది."

"ఎవలు, అక్కమ్మవ్వా? మొన్న సంతల కనవడ్డది గదా! జొన్నల మూట నెత్తిన వెట్టుకొని ఉరికి బస్సెక్కింది."

సంత రోజుల్లో మోకాళ్లు కుదుటపడతాయేమో. వైద్యం నాకు తెలిసిన విషయం కాదు.

జూలై 14

ముసురు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. మా మిద్దెకు ఎలాగూ పడింది. ఇలాంటప్పుడు ఏ పనీ మొదలుపెట్టలేం. వానాకాలం ఆలోచనకు ఏర్పడ్డ కాలం. నా బొమ్మల గదిని ఉత్తరానికి జరిపాను. వచ్చినవాళ్లు కూర్చునే గది కొంచెం పెద్దదైంది. తూర్పు కిటికీకి రెండు రెక్కలు గీశాను.

నాగల్‌గిద్ద బస్సు కండక్టరు చంద్రప్ప తెలిసినవాడే. ఇంటి పని జోరుగా సాగుతోందని నీలమ్మకు చెప్పమన్నాను. అబద్ధమేమీ కాదు. కాగితం మీద సాగుతోంది.

సాయంత్రం బస్సు తిరిగొచ్చినప్పుడు స్టాండుకు పోయాను.

"ఏమన్నది?"

"ఏమనలే సార్. నవ్వింది. గంతె."

నవ్విందంటే సంతోషించిందన్నమాట.

జూలై 29

గోధుమపిండికి బూజు. ప్లానులో సామాన్ల గది లేదని ఇవాళే గమనించాను. ఇప్పుడు ఉంది.

ఆగస్టు 18

వానలు ఆగి వారం దాటింది. ఈరయ్య తనంత తానే వచ్చాడు. పిలవకుండా మేస్త్రి ఇంటికి రావడం ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

"సార్, ఆకాశం తెల్లగున్నది. మన్ను తయారున్నది, మనుషులు ఖాళీగున్నరు. ఇయ్యాల దించుడు షురూ చేస్తె జల్దీ కప్పేస్త."

"దించినంక వాన పడితే?"

"పడ్తె పడ్తది. పట్టా కప్పుదం. ఇప్పుడు మాత్రం మీ ఇంట్ల వడ్తలేదా ఏంది?"

అతను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను ప్లాను తెచ్చి చూపించాను. మిద్దె పని పసుపు. ఇప్పుడు నడుస్తున్నది నీలం. నీలంలో పసుపు పని చేసేటట్టయితే రంగులు ఎందుకు వేసినట్టు? పైగా వానాకాలంలో వాన రాదని ఎవరు నమ్ముతారు? ఇంత దూరం ఓపిక పట్టి, ఇప్పుడు తొందరపడటం తెలివైన పని కాదు.

"మీ ఇష్టం సార్" అన్నాడు ఈరయ్య. "నేనైతె బీదర్ పోతున్న. ఆడ పెద్ద పనున్నది. దీపావళి దాక ఈ దిక్కు రాను."

మంచి పనివాడు. కాలజ్ఞానం మాత్రం తక్కువ.

ఆగస్టు 26

ఇంకా వాన లేదు.

ఆగస్టు 28

మిద్దె ఎండి పగుళ్లిచ్చింది. ఆకాశం నన్ను వెక్కిరిస్తోందని రాస్తే అతిశయోక్తి అవుతుంది. శుభ్రంగా ఉంది, అంతే.

ఆగస్టు 30

వాన! పొద్దున్నుంచి కుండపోత. నేను చెప్పానా లేదా. పక్క తడిసిపోయి గోడకు ఆనుకొని కూర్చొని రాస్తున్నాను. చాలా తృప్తిగా ఉంది.

సెప్టెంబర్ 13, ఆదివారం

నాగల్‌గిద్ద పోయివచ్చాను. ప్లాను చుట్టి చంకలో పెట్టుకొని బస్సెక్కాను. ఇంటి పని సంగతి వివరంగా చెబితే నీలమ్మ నాతో వచ్చేస్తుందని నా అంచనా. వచ్చేటప్పుడు పెట్టె ఎవరు మోయాలన్నది కూడా ఆలోచించుకున్నాను.

అత్త వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి "బా, బా అల్లుడు" అని లేచింది. కన్నడమూ తెలుగూ ఆమెకు ఒకటే. మోకాళ్లు చక్కగా వంగాయి, చక్కగా లేచాయి. ఎట్లా ఉన్నాయని అడగబోయి మానుకున్నాను.

"నీలి ఆడున్నది, సడక్ పక్కకు. పో" అంది.

సడక్ పక్కన వాళ్ల పాత పశువుల కొట్టం ఉండేది. దాని మీద ఇప్పుడు కొత్త రేకులు మెరుస్తున్నాయి. లోపలి నుంచి పొగ. బస్సు డ్రైవరు, చంద్రప్ప, ఇంకెవరో ఇద్దరు బల్ల ముందు కూర్చొని తింటున్నారు. నీలమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె చరుస్తోంది. నన్ను చూసింది. చేతులు ఆగలేదు.

"కూసో. వీళ్లదయినంక నీకు."

కూర్చున్నాను. నా వంతు వచ్చింది. రొట్టె, కందిపప్పు, ఉల్లిగడ్డ. పద్దెనిమిదేళ్లుగా తింటున్న చేతివంటే. కానీ నా ముందు నలుగురు తిన్న తరువాత తినడం ఇదే మొదటిసారి. లేచేటప్పుడు డబ్బులివ్వాలా వద్దా అని ఒక క్షణం జేబు మీద చెయ్యి ఆగింది. ఆమె చూసింది.

అందరూ పోయాక అడిగాను. "ఈ రేకులు ఎప్పుడేసిన్రు?"

"ముసురు వడ్డప్పుడు."

"ముసురుల ఎవలన్న రేకులేస్తరా?"

"తడుసుకుంట ఏసినం. అవ్వ కిందికెల్లి అందిచ్చింది, నేను మీదికెక్కిన. వాడకట్టోళ్లు ఇద్దరొచ్చి మొలలు కొట్టిన్రు. పొద్దుమూకెవరకు అయిపాయె."

లేచి చూశాను. వాలు సరిపోదు. మొలలు వంకర. ఒక మూల సందు కూడా ఉంది. అక్కడ తప్పకుండా కురుస్తుందని చెప్పాను.

"అవ్, కురుస్తది. ఆడ ఎవ్వల్ని కూసోవెట్ట" అంది.

ఇక మాటలు పెంచకుండా బల్ల తుడిచి ప్లాను పరిచాను. ఆమె ఒంగి, వేలు పెట్టి చూసింది. నేను అనుకున్నట్టు ప్లాను చదవడం రానిదేమీ కాదు.

"ఇదేంది?"

"నా బొమ్మల గది."

"ఇది?"

"వచ్చినోళ్లు కూసునేది."

"ఇందుల నేనేడున్న?"

వంటిల్లు చూపించాను. తూర్పు కిటికీ చూపించి, అది తన కోసమేనని చెప్పాను. చాలాసేపు దాన్నే చూసింది.

"మంచిగ గీసినవ్" అంది. "గా దినం నా కాలు కాలింది. ఎరికేనా?"

"కొంచెం పప్పు పడ్డది..."

ఆమె చీర అంచు పైకి తీసింది. చీలమండ నుంచి వేళ్ల దాకా చర్మం గులాబీ రంగులో, బిగుసుకొని, మెరుస్తూ ఉంది. నేను తల తిప్పుకోలేకపోయాను, చూడనూ లేకపోయాను.

"శాన దినాలు అడుగు కింద వెట్టలే. అవ్వ ఎత్తుకొని తిరిగినట్టు తిరిగింది నన్ను. నువ్వేమో ఖేడ్ల అవ్వకు మోకాళ్ల నొప్పులని చెప్పుకుంట తిరిగినవట."

చుట్టుకుపోతున్న ప్లాను అంచును వేలితో నొక్కి పట్టుకున్నాను.

"నేను నీళ్లు వోసుకుంట కిందికెల్లి సూస్తున్న. నువ్వు స్టూలెక్కి బొక్క కొలుస్తున్నవ్. ఎంతుండె?"

"జానెడున్నర" అన్నాను. ఆ సమయంలో ఇంకేం చెప్పాలో తోచలేదు.

నీలమ్మ నవ్వింది. పకపకా నవ్వింది. ఆ నవ్వులో నేనూ చేరొచ్చా అని చూశాను. చేరే సందు కనిపించలేదు.

"ఇగ ఇంటికి పోదం" అన్నాను. "ఎన్నాళ్లు అలుగుతవ్?"

"అలిగి రాలే నేను. అలిగినోళ్లయితె ఎవలన్న తోలుకవోతరని ఎదురుసూస్తరు. నేను సూస్తలేను."

అంటూనే పిండి డబ్బా మూత తీసింది. సాయంత్రం బస్సుకు జనం వస్తారు. నేనూ ఆ బస్సుకే వచ్చేశాను.

సెప్టెంబర్ 14

ఆ పాదం.

సెప్టెంబర్ 15

ప్లాను అక్కడే మరిచిపోయాను. అంతా గుర్తుంది కాబట్టి మళ్లీ గీయొచ్చు. కాగితం, పెన్సిళ్లు ముందు పెట్టుకున్నాను. గీయలేదు.

అక్టోబర్ 3

దసరా సెలవులు. రేపు చౌడు మన్ను నేనే తెచ్చి పోస్తాను. ఏ కాలమైతేనేం. మేస్త్రి ఉంటేనేం, లేకపోతేనేం. ఇంత చిన్న పనికి ఇన్ని నెలలు ఎందుకు పట్టిందో ఈరోజు కూర్చొని ఆలోచిస్తే నాకే అంతుబట్టలేదు.

అక్టోబర్ 10

దవాఖానలో ఉన్నాను. కుడికాలు విరిగింది. చేతులు బాగానే ఉన్నాయి, రాయగలను.

మొదటి గంప బాగానే పోశాను. రెండో గంప పోసి, కాలితో తొక్కి చదును చేస్తుంటే కింద ఏదో నిట్టూర్చినట్టు చప్పుడైంది. నానిన దూలం. మిద్దె మొత్తం దించాలని మే నెల నుంచి అంటున్నాను. వంటింటి మీది వరకు మొత్తం దిగింది, నాతోసహా. చప్పుడు విని లాజరూ ఇరుగుపొరుగూ వచ్చి మన్నులోంచి లాగారు.

"ఒక్కనివి ఎందుకెక్కినవయ్యా? నన్ను పిలిస్తె రాకపోదునా?" అని లాజరు దారి పొడుగునా తిట్టాడు. ఎడ్లబండి కుదుపులకు నాకు సగమే వినపడింది.

మరునాడు నీలమ్మ వచ్చింది. ముందు డాక్టరుతో మాట్లాడింది. తరువాత నా కట్టు చూసింది. తరువాత నన్ను చూసింది.

"మిద్దె ఎందుకెక్కినవ్?"

"మన్ను వోద్దమని."

"ఎన్ని గంపలు వోసినవ్?"

"రెండు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు. మామూలుగా అయితే రెంటిలో నాకు నచ్చినదేదో అనుకొని ఊరుకునేవాణ్ని.

"ఏడుస్తున్నవా?" అని అడిగాను.

"తెల్వది" అంది. కాసేపటికి ఇటు తిరిగి, మంచం పట్టె మీద కూర్చుంది. "నొస్తుందా?"

"నొస్తుంది."

"కాలినప్పుడు నాక్కూడ నొచ్చింది."

"ఎంత నొచ్చింది?" అన్నాను.

ఆమె చెప్పింది. మొదటి నుంచి చెప్పింది. బస్సులో పెట్టె మీద కాలు పెట్టుకొని కూర్చుంటే చెప్పు అంటుకుపోయిన సంగతి కూడా చెప్పింది. అదంతా ఇక్కడ రాయను.

నవంబర్ 8

నాగల్‌గిద్ద. ఖేడ్ ఇంట్లో వంటిల్లు లేదు, నాకు కాలు లేదు కాబట్టి నన్ను ఇక్కడికి తెచ్చారు. కొట్టంలో ఒక పక్కన నా మంచం. ఆ కురిసే మూలలోనే. ఇప్పుడు వానలు లేవు గదా అని. చలికాలం మొదలైంది. ఎండ మెత్తగా, గాలి పొడిగా ఉంది. ఇల్లు కట్టుకోవడానికి ఏడాది మొత్తంలో ఇంతకు మించిన కాలం లేదు. నేను కట్టు వేసిన కాలుతో పడుకొని ఆకాశాన్ని చూస్తున్నాను.

నీలమ్మ నిన్న ఖేడ్ పోయి వచ్చింది. పండగకు ఊరొచ్చిన ఈరయ్యను పట్టుకొని, వంటింట్లో కూలిన మన్ను ఎత్తించి, గోడ నిలబెట్టించి, పైన రేకులు వేయించే పని కుదిర్చిందట. మిగతా మిద్దె మీద కొత్త మన్ను. వారంలో అయిపోతుందట.

"నన్నొక మాట అడుగుతవనుకున్న" అన్నాను.

"అడిగితె గీస్తవు."

అత్త చాటలోకి తల వంచి నవ్వు దాచుకుంది.

"ఇంకోటి" అంది నీలమ్మ. "దవాఖాన్ల నర్సమ్మ లిదియా లేదా, నీకు సూది ఇచ్చింది? ఆమెకు ఇల్లు కావాల్నట. మనింట్ల ఉండమన్న."

"మరి మనం?"

"నేనైతె ఈడనె ఉంట. మంచిగ నడుస్తున్నది నాకు. నీ సంగతి నువ్వు చెప్పు. రమ్మంటలేను, వద్దంటలేను."

ఇది చాలా పెద్ద విషయమనీ, అన్ని వైపుల నుంచీ చూడాలనీ, చలికాలం పోయేలోపు ఆలోచించి చెబుతాననీ అన్నాను.

"కట్టు ఇప్పే దినం చెప్పు" అంది.

నవంబర్ 15

ఆలోచిస్తున్నాను.

నవంబర్ 24

ఖేడ్ ఇంటి పని అయిపోయిందని చంద్రప్ప చెప్పాడు. ఈరయ్య వంటింటికి తూర్పున కిటికీ పెట్టాడట. నీలమ్మ పెట్టమందట. నర్సమ్మకు బాగా నచ్చిందట.

ఆలోచిస్తున్నాను. ఖేడ్‌లో ఉంటే ఇవీ లాభాలు, ఇక్కడ ఉంటే ఇవీ. భార్య అమ్మగారింట్లో భర్త ఉండటం గురించి జనం ఏమంటారన్నది ఒకటి. బడి దూరమన్నది ఒకటి. మాట్లాడవలసిన తీరు మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. ముందు జనం సంగతి ఎత్తుకొని, మెల్లగా మిగతావాటికి రావాలి.

డిసెంబర్ 6

కట్టు విప్పారు. కాలు సన్నగా, తెల్లగా, ఇంకెవరిదో అన్నట్టుంది. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాం. నీలమ్మ నా చెప్పు తొడుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇగ చెప్పు."

నేను జనం సంగతి ఎత్తుకోబోయాను. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఉంట" అన్నాను.

ఆమె చెప్పు పట్టీ బిగించింది. "ఐతె రోజు పొద్దుగాల బస్సుకు పో. బడికి అందుతవ్" అంది.

సిద్ధం చేసుకున్న మిగతా మాటలన్నీ అట్లాగే ఉన్నాయి. దేనికైనా పనికొస్తాయేమో తెలియదు.

ఫిబ్రవరి 27, 1982

బడి నుంచి వచ్చి బస్సు దిగుతుంటే గాలిదుమారం. వెనకే రాళ్లవాన. ఈ నెలలో వాన ఏమిటి? శివరాత్రి మొన్ననే అయింది. దీనికి ఏ కార్తె లేదు, పేరు లేదు.

నేను కొట్టంలోకి వచ్చేసరికి పొయ్యి మీది రేకు ఒకటి మొలలు ఊడి గాలికి లేచి పడుతోంది. తింటున్నవాళ్లు కంచాలు పట్టుకొని గోడ వారకు జరిగారు. అత్త పొయ్యి మీద గంగాళం బోర్లించింది. నీలమ్మ అప్పటికే చీర దోపుకొని, నిచ్చెన ఎత్తి గోడకు ఆనిస్తోంది.

నేను చెప్పులు విప్పి ముందుకు పోయాను.

"నువ్వెక్కకు. కాలు ఇంక గట్టివడలే" అంది. కొంగున రెండు మొలలు, చేతిలో సుత్తి.

వాన తగ్గినంక ఎక్కుదువు అనబోయాను. నోరు తెరిస్తే నీళ్లు పోయాయి. మూసుకొని నిచ్చెన పట్టుకున్నాను. నేల బురదగా ఉంది. నిచ్చెన కాలు జారకుండా నా మంచి కాలు అడ్డం పెట్టాను. రాళ్లు వీపు మీద పడుతున్నాయి.

"పట్టుకున్నవా?" అని పై నుంచి అరిచింది.

"పట్టుకున్న!"

రేకు మళ్లీ లేచింది. ఆమె ఒక చేత్తో దాన్ని అదిమి, రెండో చేత్తో సుత్తి ఎత్తింది. ఇప్పుడు నిచ్చెనను పట్టుకొని ఉన్నది నేనొక్కణ్నే.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న" అన్నాను.

ఆమె కిందికి చూడలేదు. ఇంకో మెట్టు ఎక్కింది.